మంగళవారం మట్టి

వినార్సి లెక్క తప్పదని ఉంగారన్‌లోని ఆ బట్టల ఫ్యాక్టరీలో అందరికీ గట్టి నమ్మకం. నలభై వేల చొక్కాలు ఏ లైన్‌లో ఎన్ని రోజుల్లో తేలతాయో, ఎప్పటికి బొత్తాలు రాకపోతే ఏ ఓడ తప్పిపోతుందో కాగితం చూడకుండా చెప్పేస్తుంది. పదిహేనేళ్ల కిందట కాలర్లు కుట్టే మిషను ముందు కూర్చున్న పిల్ల ఇవాళ ప్లానింగ్ గదిలో అద్దాల వెనక కూర్చుందంటే ఆ లెక్కల చలవే. అందుకే కన్నకూతురు నేల మీద మొదటిసారి అడుగు పెట్టాల్సిన రోజు ఎప్పుడో తేల్చాల్సి వచ్చినప్పుడు ఆమె ఎవర్నీ అడగలేదు. అడిగి ఉంటే నేను ఈ కథ చెప్పాల్సిన పనే లేదు.

కూతురి పేరు కినాసి. బిడ్డ పుట్టాక ఫ్యాక్టరీ మూడు నెలలు సెలవిచ్చింది. సెలవు అయిపోగానే వినార్సి బిడ్డను తీసుకెళ్లి బొయొలాలి పక్కన కరాంగ్‌వారు అనే ఊళ్లో, అత్తగారింట్లో దించి వచ్చింది. ఇందులో వింతేమీ లేదు. లైన్లలో కుట్టే ఆడవాళ్ల పిల్లల్లో సగం మంది అమ్మమ్మల దగ్గరో నానమ్మల దగ్గరో పెరుగుతున్నవాళ్లే. వారమంతా పాలు పిండి సీసాల్లో పోసి, క్యాంటీన్ ఫ్రిజ్‌లో తన పేరు రాసి దాచుకుని, ఆదివారం పొద్దున్నే ఐసుపెట్టె ఒళ్లో పెట్టుకుని మొగుడి బండి వెనక గంటన్నర కూర్చునేది. ఐదో నెలలో పాలు ఎండిపోయాయి. ఐసుపెట్టె కడిగి అటక మీద పెట్టేసింది. ఆ రోజు కాసేపు ఏడ్చింది కూడా, కానీ మధ్యాహ్నం షిఫ్టుకి వేళ కావడంతో ముఖం కడుక్కుని వెళ్లిపోయింది.

ఒక్కటొక్కటీ ఆమె చేతుల్లోంచి అలాగే జారిపోయాయి. పిల్ల బోర్లా పడింది బుధవారం. మొదటి పన్ను కనబడింది శుక్రవారం. "త్తా త్తా" అని ఏదో అనబోయింది మళ్లీ ఏదో ఒక పనిరోజు. అన్నీ ఫోన్‌లో చూసింది, చూసి మురిసింది, లైన్ లీడర్లకి చూపించింది. లోపల మాత్రం ఒక ముల్లు గుచ్చుకునే ఉండేది. అందుకే ఒకటి గట్టిగా అనుకుంది. పిల్ల మట్టి తొక్కే రోజు మాత్రం ఫోన్‌లో చూడను, నా చేతులతో నేనే తొక్కిస్తాను, అని.

ఆ ఊళ్లలో పసిబిడ్డ పాదాన్ని మట్టికి తగలనివ్వరు. ముప్ఫై ఐదు రోజులు ఒక నెల కింద లెక్క. అలాంటివి ఏడు నిండేదాకా బిడ్డ చంకల్లోనూ ఒళ్లలోనూ పరుపుల మీదా పెరగాల్సిందే. నిండిన రోజున తల్లి బిడ్డ రెండు చేతులూ పట్టుకుని ఏడు రంగుల జిగురన్నం మీద నడిపిస్తుంది, చెరకుగడల నిచ్చెన ఎక్కించి దించుతుంది, దించి మట్టిలో నిలబెడుతుంది. ఆ తర్వాత కోళ్లబుట్ట కింద కూర్చోబెట్టి ముందర నాలుగు వస్తువులు పెడతారు. ఏది పట్టుకుంటే పెద్దయ్యాక ఆ పని చేస్తుందని అందరూ మురిసిపోతారు. మట్టిలో బిడ్డ చేతులు పట్టుకునేది తల్లి. తల్లి లేకపోతేనే ఇంకొకరు.

ఫ్యాక్టరీలో అప్పుడే ప్రొడక్షన్ మేనేజర్ కుర్చీ ఖాళీ అయింది. జపాన్ బయ్యర్లు వచ్చి లైన్లన్నీ చూసి సరే అంటే ఆ కుర్చీ వినార్సిదే. పెద్దాయన గునాది గారు గదిలోకి పిలిచి, బయ్యర్లకి సోమవారమైనా మంగళవారమైనా ఒకటేనట, మీకు ఏది వీలో మీరే చెప్పండి అన్నాడు. పని చేయించుకునే చోట ఇంతకన్నా మర్యాద ఎవరు చేస్తారు? వినార్సి మనసులోనే వేళ్లు మడిచింది. ఏడు ముప్ఫై ఐదులు రెండు వందల నలభై ఐదు. అంటే సరిగ్గా ముప్ఫై ఐదు వారాలు. పిల్ల పుట్టింది సోమవారం సాయంత్రం. కాబట్టి ఆ రోజూ సోమవారమే. బయ్యర్లకి మంగళవారం చెప్పమని, సోమవారం తనకి సెలవు కావాలని అడిగింది. ఆయన అప్పటికప్పుడే సంతకం పెట్టాడు. లోకంలో ఉద్యోగమూ ఇల్లూ రెండూ నెగ్గుకురావడం చేతకాదని ఏడ్చేవాళ్లకి లెక్క రాదంతే, అనుకుంటూ బయటికొచ్చింది.

ఆ మధ్యాహ్నమే అత్తగారికి ఫోన్ చేసింది.

అత్తగారి పేరు సుకియెమ్. రెండు పాడి ఆవులు, పెరట్లో గడ్డి, ఒక పెంకుటిల్లు, అదే ఆవిడ లోకం. నెమ్మదైన మనిషి. ఆవిడ నోట "కాదు" అనే మాట విన్నవాళ్లు ఆ ఊళ్లో లేరు. ఒకసారి పాల కేంద్రం వాడు కొలతలో మోసం చేసి, పైగా మీ పాలల్లో వెన్న లేదని గదమాయిస్తే, "అలాగే బాబూ" అని మెత్తగా అని ఇంటికొచ్చింది. మర్నాటి నుంచి రెండు కిలోమీటర్ల అవతలి కేంద్రానికి పాలు మోసింది. వాడు నెల తర్వాత బతిమాలడానికి వస్తే కాఫీ ఇచ్చి, "అలాగే బాబూ" అని పంపించింది. పాలు మాత్రం పొయ్యలేదు. ఈ సంగతి వినార్సి మొగుడు హందోకో పెళ్లైన కొత్తలో చెబితే ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

"సోమవారం సెలవు దొరికిందమ్మా," అంది వినార్సి ఫోన్‌లో. "రెండు వందల నలభై ఐదు రోజులు. రెండుసార్లు లెక్క చూశాను."

అవతల ఆవు మెడలో గంట మోగింది.

"సోమవారమా తల్లీ? పిల్ల పొద్దు గుంకాక కదా పుట్టింది."

"ఆరూ నలభైకి. నాకు తెలీదా అమ్మా, కన్నది నేనేగా," అని నవ్వింది వినార్సి.

"అవునవును, నువ్వేగా. అలాగేనమ్మా."

వినార్సి ఫోన్ పెట్టేసి గోడ మీది పెద్ద క్యాలెండర్‌లో సోమవారం చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టింది. మంగళవారం చుట్టూ నీలం సున్నా. రెండూ పక్కపక్కన చూసుకుంటే కడుపు నిండినట్టు అనిపించింది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం కూడా రెండోసారి వడ్డించుకుంది.

సోమవారం తెల్లారకుండానే ఇద్దరూ బండి మీద బయల్దేరారు. సంచిలో తెల్లటి గౌను ఉంది, ఫ్యాక్టరీలో శాంపిల్ గదిలో తనే కూర్చుని కుట్టుకున్నది. పదేళ్ల తర్వాత మిషను మీద చెయ్యి పెట్టింది ఆ గౌను కోసమే. దారిపొడుగునా ముంగిట్లో చెరకుగడల నిచ్చెన, రంగుల జిగురన్నం పళ్లాలు, అరుగు నిండా జనం, అన్నీ కళ్లముందు పెట్టుకుంది. హందోకో ఆ రోజు ఎందుకో తక్కువ మాట్లాడాడు. బండి శబ్దంలో మాట వినపడదులే అని ఆమే సరిపెట్టుకుంది.

తీరా వెళ్లి చూస్తే ముంగిట్లో ఏమీ లేదు. జిగురుబియ్యం ఇంకా పెద్ద గంగాళంలో నానుతోంది. చెరకుగడలు ఆకులతో సహా కొట్టం గోడకి ఆనించి ఉన్నాయి, ఇంకా నిచ్చెన కట్టలేదు. అత్తగారు పాత గుడ్డ తలకి చుట్టుకుని కొబ్బరి తురుముతోంది. వినార్సికి ఒళ్లు మండింది. చెప్పి నెల దాటిందే అనుకుంది. అనుకోవడంతో ఊరుకోలేదు.

"నెల ముందే చెప్పాను కదమ్మా. మా దగ్గర ఇలా జరిగితే ఓడ వెళ్లిపోతుంది."

సుకియెమ్ తురుము మీంచి చెయ్యి తీసి, గోడ మీది గడియారం వైపు ఒకసారి, కొడుకు వైపు ఒకసారి చూసింది. కొడుకు బండికి స్టాండు వేస్తూ తల వంచుకున్నాడు.

"కట్టెలు తడిశాయి తల్లీ. ఆలస్యమైంది. ఎప్పటికి బయల్దేరాలి నువ్వు?"

"రెండింటికి. రేపు బయ్యర్లు వస్తున్నారు, నేను లేకపోతే అక్కడ ఒక్క లైనూ కదలదు. ఉన్నదాంతో కానిచ్చేద్దాం."

"అలాగేనమ్మా," అంది సుకియెమ్.

ఉన్నదాంతోనే కానిచ్చారు. కొద్దిగా బియ్యం ఉడికించి మూడు రంగులు కలిపారు, తెలుపూ ఎరుపూ పచ్చా. వంటింటి చూరు కింద ఉండే వెదురు నిచ్చెన తెచ్చి దానికి ఒక చెరకుగడ కట్టారు. పక్కింటి ముసలావిడా, ఆవిడ కోడలూ తప్ప ఎవరూ రాలేదు. మిగతావాళ్లంతా చేలకి వెళ్లారని హందోకో చెప్పాడు. రాత్రి వాన పడి ముంగిలి తడిగా ఉందని, పిల్లకి చలి చేస్తుందని సుకియెమ్ రెండు చాపలు తెచ్చి ఒకదాని మీద ఒకటి పరిచింది. వినార్సి ఆ చాపల్ని చూసి లోలోపల సంతోషపడింది. గౌను తెల్లది, ఫొటోల్లో మరక కనబడకుండా ఉంటుంది.

మూడు రంగుల మీద నడిపించింది, నిచ్చెన ఎక్కించింది, దించింది, చాప మీద నిలబెట్టింది. పిల్ల కాలివేళ్లు ముడుచుకుని చాప అంచుని గోకింది. పిల్ల చేతులు తన చేతుల్లో వెచ్చగా ఉన్నాయి. కోళ్లబుట్టలో పెన్ను, పుస్తకం, గరిటె, తను తెచ్చిన కొలత టేపూ పెట్టారు. టేపుని కావాలనే పిల్లకి దగ్గరగా జరిపింది, ఈ మాత్రం మోసం ఏ తల్లైనా చేస్తుంది. కినాసి టేపు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. వినార్సి చప్పట్లు కొట్టి, ఆ వీడియో ఫ్యాక్టరీ వాళ్లందరికీ పంపింది. బస్సెక్కేలోపు అరవై మంది మెచ్చుకున్నారు.

హందోకో ఆమెతో రాలేదు. కొట్టం మీద పెంకులు జారాయని, సర్ది రేపు సాయంత్రానికి వస్తానని చెప్పి బస్టాపు దగ్గర దించాడు. బస్సు కదిలాక కిటికీలోంచి వెనక్కి చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. పాపం, పనులన్నీ అతని మీదే పడుతున్నాయి అనుకుని, మేనేజర్ జీతం రాగానే కొట్టానికి కొత్త పెంకులు వేయించాలని నిర్ణయించుకుంది.

మంగళవారం ఉదయం ఏడింటికల్లా లైన్లన్నీ అద్దంలా తుడిపించి, అమ్మాయిలందరికీ కొత్త ఏప్రన్లు కట్టించి సిద్ధంగా నిలబడింది. ఎనిమిదింటికి గునాది గారు ఫోన్ పట్టుకుని వచ్చాడు. బయ్యర్ల విమానం ఎక్కడో ఆగిపోయిందట, రేపు వస్తారట. ఇవాళ మీకు చేతినిండా పనేం లేదు కదా, బొత్తాల కోసం వ్యాను సోలో పట్నానికి వెళ్తోంది, దారిలో దిగి మీ పాపని చూసి రండి అన్నాడు. నిజంగా మంచి మనిషి. తర్వాత ఎప్పుడైనా ఎవరినైనా తిట్టుకోవాలని అనిపించినప్పుడు వినార్సికి ఆయన కూడా పనికి రాలేదు.

వ్యానులో కూర్చున్నంతసేపూ ఆమెకి సెలవు దొరికిన బడిపిల్లలా ఉంది. మంగళవారం నాడు కూతుర్ని చూసి ఐదు నెలలు దాటింది. మంగళవారం పొద్దున పూట పిల్ల ఏం చేస్తుందో, ఎప్పుడు పడుకుంటుందో తనకి తెలియదని అప్పుడే తట్టింది. మలుపు దగ్గర దిగి, అద్దె బండి ఎక్కి ఊళ్లోకి వెళ్లింది. ముందుగా ఫోన్ చెయ్యలేదు. చెప్పకుండా వెళ్తే అందరూ ఎంత సంబరపడతారో చూడాలనుకుంది.

గేటు దగ్గర చెప్పులు కనబడ్డాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. నలభై జతల పైనే ఉన్నాయి. చివరి జత లెక్కపెట్టేలోపే ఆమెకి అర్థం కావడం మొదలైంది, అయినా లోపలికి నడిచింది.

ముంగిట్లో చెరకుగడల నిచ్చెన నిలబడి ఉంది, ఏడు మెట్లూ ఉన్నాయి, ఆకులూ ఉన్నాయి. ఏడు పళ్లాల్లో ఏడు రంగుల జిగురన్నం, ప్రతి రంగు మీదా చిన్న పాదం గుర్తు. కోళ్లబుట్టకి కొబ్బరాకులూ పూలూ కట్టారు. పసుపు బియ్యంతో కలిపి చల్లిన చిల్లర కోసం ఊరి పిల్లలు కేకలు వేసుకుంటూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు. చాపలు లేవు. తడిసిన నల్లమట్టి మధ్యలో కొంగు నడుముకి చుట్టుకుని సుకియెమ్ నిలబడి ఉంది. ఆమె చంకలో కినాసి ఉంది. పాత బాతిక్ గుడ్డ చుట్టిన ఆ పిల్ల కాళ్లు చీలమండల దాకా మట్టి.

హందోకో చేతిలో పళ్లెం ఉంది. ఆమెని చూడగానే పళ్లెం వంగి, అందులోంచి గుడ్డు ఒకటి దొర్లి కిందపడింది.

ఎవరూ గొడవ చెయ్యలేదు. ఎవరైనా ఒక్క మాట అని ఉంటే బాగుండేది. అందరూ నవ్వుముఖాలతో జరిగి చోటిచ్చారు. రండి కూర్చోండి అన్నారు, ఎండలో వచ్చారు ముందు టీ తాగండి అన్నారు. ఎవరో ఆకులో అన్నం పెట్టి చేతికిచ్చారు. చుట్టాల పెళ్లికి ఆలస్యంగా వచ్చిన మనిషిని ఎలా చూస్తారో అలాగే చూశారు. పక్కింటి ముసలావిడ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, ఏ కల్మషమూ లేకుండా అంది:

"అంగార కాసి రోజున పుట్టిన పిల్ల, మళ్లీ అంగార కాసి నాడే మట్టి తొక్కింది. ఎంత అదృష్టం. పేరు కూడా మీ అత్తగారు ఎంచక్కా కలిపి పెట్టింది."

"పుట్టింది సోమవారం కదా," అంది వినార్సి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"సోమవారం పొద్దు గుంకాకేగా తల్లీ. గుంకితే మంగళవారమే."

అంతే. ఇందులో ఆమెకి తెలియనిది ఒక్కటీ లేదు. గురువారం పొద్దు గుంకితే శుక్రవారం రాత్రి అనే కదా తనూ చిన్నప్పటి నుంచి అంటోంది. మంగళవారమూ, ఐదు రోజుల చక్రంలో వచ్చే క్లివోన్ రోజూ కలిస్తే దాన్ని అంగార కాసి అంటారని బడికి వెళ్లని పిల్లలకి కూడా తెలుసు. ఆ రోజు పేరులోని కాసి మీదే కూతురికి కినాసి అని పేరు పెట్టారు. తన పేరు చివర సి ఉంది కాబట్టి అలా పెట్టారనుకుని ఎనిమిది నెలలు మురిసిపోయింది. ఫ్యాక్టరీ గోడ మీది క్యాలెండర్‌లో రోజు అర్ధరాత్రి మారుతుంది. తను కూతురి రోజుని చొక్కాల రోజులతో కొలిచింది. అమ్మానాన్నలు నేర్పిన లెక్కని ఏ సంవత్సరంలో మర్చిపోయిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

అన్నం ఆకు అరుగు మీద పెట్టి కొట్టం వెనక్కి నడిచింది. హందోకో వెనకాలే వచ్చాడు. కొట్టం మీద ఒక్క పెంకు కూడా జారలేదు.

"నీకు తెలుసా మాస్?" అక్కడి ఆడవాళ్లు మొగుణ్ని మర్యాదగా పిలిచే ఆ పిలుపుతోనే పెళ్లైన నాటి నుంచీ అతన్ని పిలుస్తుంది, ఎంత కోపం వచ్చినా.

"తెలుసు."

"నిన్న ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"అమ్మ వద్దంది. అంత దూరం నుంచి గౌను కుట్టుకుని వచ్చింది, ముఖం చిన్నబోతుంది, దాని తృప్తి కోసం ఇవాళ ఒకటి చేద్దాం, మట్టి మాత్రం రేపటికి ఉంచుదాం అంది."

అందుకా చాపలు. ఒకటి కాదు, రెండు. ఒకదాని మీద ఒకటి.

"చెప్పి ఉంటే నేను..." అని ఆగిపోయింది వినార్సి.

"ఉండేదానివా విన్?"

అందులో ఎత్తిపొడుపు లేదు. అతనికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఉండేదాన్ని అని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. బయ్యర్లు, లైన్లు, ఖాళీ కుర్చీ, పదిహేనేళ్లు, అన్నీ గుర్తొచ్చాయి. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు. గాటి దగ్గర ఆవులు నెమరు వేస్తూ ఆమె వైపే చూస్తున్నాయి.

"ముందే చెప్పి ఉంటే రోజు మార్చుకునేదాన్ని. గునాది గారు నన్నే అడిగాడు, సోమవారమా మంగళవారమా అని. నన్నే ఎంచుకోమన్నాడు."

"అమ్మ చెప్పిందటగా. పొద్దు గుంకాక పుట్టిందని ఫోన్‌లో చెప్పిందట. నువ్వు నవ్వావట."

నవ్వింది. ఆ నవ్వు ఆమెకి ఇప్పుడు వినపడింది. కొట్టం గుంజ పట్టుకుని, ఏదో ఒకటి అడగాలని అడిగింది.

"బుట్టలో ఏం పట్టుకుంది?"

హందోకో కాలి బొటనవేలితో గడ్డిపోచని నలిపాడు.

"టేపు పెట్టాం, నువ్వు వదిలి వెళ్లింది. పెన్నూ పుస్తకమూ గరిటే అన్నీ పెట్టాం. ఏదీ ముట్టుకోలేదు. బుట్ట సందులోంచి చెయ్యి పెట్టి మా అమ్మ కొంగు పట్టుకుంది. ఎంత విడిపించినా వదల్లేదు. ఊళ్లోవాళ్లంతా నవ్వారు."

వినార్సి కూడా నవ్వడానికి ప్రయత్నించింది. కుదరలేదు. కూతురి మీద కోపం రాలేదు, అత్తగారి మీదా రాలేదు. వస్తే ఎంత తేలికగా ఉండేదో అనిపించింది.

వాళ్లిద్దరూ ముంగిట్లోకి వచ్చేసరికి జనం పలచబడ్డారు. వేడుక చివర పిల్లకి పోసే స్నానం కోసం సుకియెమ్ బావి పక్కన పెద్ద ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి గులాబీ రేకులూ మల్లెలూ వేసింది. పిల్ల ఇంకా ఆవిడ చంకలోనే ఉంది. వినార్సిని చూసి ఆవిడ ఏమీ జరగనట్టే పిలిచింది.

"ఇంకా నీళ్లు పొయ్యలేదు తల్లీ. నువ్వు పొయ్యి."

కినాసిని అందించింది. పిల్ల ఒక్క క్షణం నానమ్మ భుజం పట్టుకుని వేలాడి, ఆదివారాలు వచ్చే ఈ మనిషిని గుర్తుపట్టినట్టుంది, పెద్దగా ఏడవకుండానే వచ్చింది. వినార్సి నేల మీద చతికిలబడి పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. చిన్న పాదాలు తన అరచేతిలో పట్టుకుని చూసింది. నల్లమట్టి వేళ్ల సందుల్లో ఇరుక్కుని, మడమ దగ్గర అప్పుడే ఆరుతోంది. నేల మీద నిలబడ్డప్పుడు పిల్ల ఏం చేసిందో, ఏడ్చిందో, నవ్విందో, మట్టిని కాలితో గోకిందో అడగాలనుకుంది. అడిగితే చెప్తారు, ఫోన్‌లో వీడియో కూడా చూపిస్తారు. చూడనని అనుకుంది కదా, అందుకే అడగలేదు.

దోసిలితో నీళ్లు తీసి పోసింది. మట్టి మెల్లగా కరిగి పళ్లెంలోకి దిగింది, గులాబీ రేకుల కింద నీళ్లు నల్లబడ్డాయి. తన కూతురు తొక్కిన మొదటి మట్టిని తన చేత్తో తనే కడిగేస్తోందని తెలుస్తూనే ఉంది. ఒక్కొక్క వేలూ విడదీసి కడిగింది. చొక్కా కాలర్ మీద నూనె మరక తీసేటప్పుడు ఎంత నెమ్మదిగా తీసేదో అంత నెమ్మదిగా కడిగింది. ఎంత నెమ్మదిగా కడిగినా కాసేపటికి పాదాలు శుభ్రమైపోయాయి.

పక్కన పెట్టిన ఫోన్ వెలిగింది. గునాది గారి సందేశం. హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చిందట, బయ్యర్లు చూడకముందే కుర్చీ ఖాయమైందట, రేపు ఆరింటికల్లా రమ్మన్నాడు. చదవగానే ఆమెకి సంతోషం వేసింది. నిజంగానే వేసింది, ఒంట్లో వెచ్చగా పాకింది. పదిహేనేళ్లు దేని కోసం కూర్చుందో అది దొరికింది. ఆ పాదాలు ఇంకా చేతుల్లో ఉండగానే అంత సంతోషం వెయ్యడం చూసి ఆమెకి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఈసారి షిఫ్టు వేళ కాలేదు కాబట్టి ఆపుకోలేదు.

సుకియెమ్ తుడిచే గుడ్డ తెచ్చి పిల్ల కాళ్ల మీద కప్పింది. కోడలి భుజం మీద పడిన ఒక మల్లెపువ్వు తీసి పళ్లెంలో వేసింది.

"తప్పు నాదేనమ్మా," అంది వినార్సి ముక్కు చీదుకుంటూ. "ఇక నుంచి శనివారం సాయంత్రమే వచ్చేస్తాను. ప్రతి వారం. దాని పుట్టినరోజులన్నీ మీరు చెప్పిన లెక్కకే చేద్దాం. ఏదైనా సరే ముందు నాకు చెప్పండి. పిల్లని వచ్చే ఏడాది మా దగ్గరికే తీసుకెళ్తాను."

సుకియెమ్ పిల్లని ఎత్తుకుంది. కినాసి కొంగు చివర పిడికిట్లో పట్టుకుని, తడి కాళ్లు ఆవిడ నడుముకి ఆనించి తల వాల్చింది.

"అలాగేనమ్మా," అంది సుకియెమ్. పాల కేంద్రం వాడితో అన్నంత మెత్తగా అంది.